రెండో టిక్కు

మా నోయిడా ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం. నేనూ, నాకంటే పాతికేళ్లు పెద్దదైన ఒక ఆవిడా. ఇప్పుడు నేనొక్కణ్నే ఉన్నాను. ఆవిడ వెళ్లిపోవడంలో నా చెయ్యి ఎంత ఉందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే ఆరోగ్యం బాగాలేక మానేశారని చెప్తాను. అది అబద్ధం కాదు. అందుకే చెప్పడం సులువు.

మొదట్లో నేను ఆవిణ్ని ఆంటీ అన్నాను. ఢిల్లీలో తల్లి వయసున్న ప్రతి మనిషీ ఆంటీయే కదా. ఆవిడ కుర్చీ ఇటు తిప్పి, నన్ను ఎగాదిగా చూసి, "ఏరా, నేనేమన్నా మీ పక్క ఫ్లాటుదాన్నా? అక్కా అను. లేదంటే హిందీలోనే ఏడుద్దాం ఇద్దరం," అంది. పెళ్లయి ఢిల్లీ వచ్చి ఎన్నో ఏళ్లయినా ఆవిడ కోనసీమ యాస చెక్కుచెదరలేదు. నాది నల్గొండ. నేను "గట్లనే అక్కా" అన్న ప్రతిసారీ నవ్వేది. నేనూ ఊరుకునేవాణ్ని కాదు, "మీరు మాట్లాడితే పాట పాడినట్టే ఉంటది" అని అంటించేవాణ్ని.

నేను ఢిల్లీ వచ్చింది ఉద్యోగానికి కాదు, కలెక్టరవుదామని. కరోల్ బాగ్ దగ్గర కోచింగ్‌లో చేరి, కిటికీ లేని గదిలో మూడేళ్లు చదివాను. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ తప్పాను. నాతో వచ్చినవాళ్లు కొందరు గెలిచి వెళ్లిపోయారు, కొందరు ఓడి ఇంటికి వెళ్లిపోయారు. నాకు ఇంటికి వెళ్లే ధైర్యం కూడా లేక, మునిర్కాలో ఒక గది తీసుకుని, మర్చిపోయిన ఇంజినీరింగ్‌ని దుమ్ము దులిపి ఈ ఉద్యోగం సంపాదించాను. మూడేళ్లు పేజీలకు పేజీలు జవాబులు రాసి ఓడిపోయినందుకో ఏమో, పొడుగు రాత అంటేనే నాకు ఒళ్లు మంట. ఒక్క ముక్కలో తేలే విషయాన్ని నాలుగు ముక్కలు చేసి చెప్పేవాణ్ని చూస్తే కొట్టాలనిపిస్తుంది. ఇది నా గుణం. దాచుకోను.

మా కంపెనీ ఆసుపత్రుల ల్యాబులకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. వచ్చిన రిపోర్టు ఏ వార్డుకి పోవాలి, ఏది ముందు పోవాలి, ఏది డాక్టరు చూసేదాకా ఆగాలి అన్నది ప్రోగ్రామే తేల్చాలి. ఆ తేల్చే భాగమంతా అక్క రాసిందే. పదకొండేళ్ల పని. అందులో ఏం ఎక్కడుందో ఆవిడకి తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు.

రోజూ మెట్రోలో కలిసే వెళ్లేవాళ్లం. మునిర్కాలో నేను ఎక్కితే, తర్వాతి స్టేషన్ ఆర్కే పురంలో ఆవిడ ఎక్కేది. వాళ్లాయనది కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం, ఇల్లు అక్కడి క్వార్టర్స్‌లో. ఆడవాళ్ల పెట్టె ఖాళీగా ఉన్నా వదులుకుని, తెలుగు కోసం మా పెట్టెలోకి వచ్చి తోపులాటలో నిలబడేది. "మా అమ్మాయితో తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబు చెప్తుందిరా. పొద్దున్న ఈ ముప్పావు గంటే నాకు దొరికేది," అనేది.

కిందటి చలికాలంలో అక్కకి స్ట్రోక్ వచ్చింది. చిన్నదేనన్నారు డాక్టర్లు. చెయ్యీ కాలూ బాగానే ఉన్నాయి, మూతి వంకరపోలేదు. రెండు నెలల తర్వాత శాలువా కప్పుకుని ఆఫీసుకి వస్తే అందరూ చప్పట్లు కొట్టి కేకు కోయించారు. ఆ సాయంత్రం తిరుగు మెట్రోలో ఎవరో లేచి సీటిస్తే కూర్చుని, నన్ను దగ్గరికి వంగమంది.

"నీకొక్కడికే చెప్తున్నాను. ఇంతమందిలో చెప్తున్నా పర్లేదు, తెలుగు ఎవడికీ రాదు," అని నవ్వబోయి నవ్వలేకపోయింది. "ఒక్కొక్కటి అయితే తెలుస్తోందిరా. రెండు మూడు సంగతులు ఒకేసారి పట్టుకోవాలంటే మొదటిది జారిపోతోంది. రెండోది చూస్తుండగానే పోతోంది."

"డాక్టరేమన్నడు అక్కా?"

"మెల్లగా వస్తుంది, పని మాత్రం మానకండి అన్నాడు. ఒక్కో మెట్టూ రాసుకుంటూ చెయ్యమన్నాడు. ఇంట్లో చూస్తే నన్ను గ్యాసు దగ్గరికి కూడా రానివ్వట్లేదు. అందరూ గాజు సామాను చూసినట్టు చూస్తున్నారు. ఇప్పుడీ పని కూడా పోతే నేను కుర్చీలో కూర్చుని అలాగే మొద్దుబారిపోతాను. నా సంగతి నాకు తెలుసు. ఎవరికీ చెప్పకు. నేను రాసేది నువ్వొక కంట కనిపెడుతూ ఉండు. ఎక్కడైనా తప్పితే ముందు నాకు చెప్పు."

"చూస్త అక్కా. మీరు రంది పెట్టుకోకుండ్రి," అన్నాను. ఆ మాట ఇచ్చినప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చాను.

ఆ రోజు నుంచి అక్క కోడు మారిపోయింది. పదకొండేళ్ల పనినీ కొంచెం కొంచెంగా విప్పి, మెట్లు మెట్లుగా తిరగరాసుకోవడం మొదలుపెట్టింది. రిపోర్టు వచ్చిందా? వస్తే, అది రక్తానిదా? రక్తానిదే అయితే, అర్జంటా? అర్జంటే అయితే, డాక్టరు చూశారా? చూడకపోతే, వార్డుకి పంపు. ఇలా ఒక మెట్టులో ఒకే ప్రశ్న. ప్రతి మెట్టు దగ్గరా తనకోసం ఒక చిన్న నోటు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. 'ఇక్కడికి వచ్చావంటే రక్తం అని తేలింది. ఇక అర్జంటా కాదా అని మాత్రం చూడు.' 'కంగారు పడకు, రిపోర్టు రాకపోవడం వేరు, ఖాళీగా రావడం వేరు.' ఒకచోట 'ఇక్కడ ఆగి మంచినీళ్లు తాగు' అని కూడా ఉండేది. ఆఫీసులో మిగతావాళ్లు అవేంటని అడిగితే, "మంత్రాలు. చదివితే బగ్ దగ్గరికి రాదు," అనేది. వాళ్లు ఆంటీ మంత్రాలని చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. మెల్లగానే అయినా తప్పు లేకుండా నడుస్తోంది పని. ఒక కంట కనిపెడుతున్న నాకు పట్టుకోవడానికి ఒక్క తప్పూ దొరకలేదు.

వానాకాలంలో మేము వాడే ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్‌కి మారాం. అందులో ప్యాటర్న్ మ్యాచింగ్ అనే పద్ధతి బాగా తేలికయింది. పేరు పెద్దదే కానీ సంగతి చిన్నది. వచ్చినది ఎలాంటిదో ఒక్కసారిగా చెప్పేసి దారి చూపించడం. అక్క నాలుగు మెట్లలో అడిగిందాన్ని 'డాక్టరు చూడని అర్జంటు రక్తం రిపోర్టు అయితే వార్డుకి పంపు' అని ఒక్క వరసలో చెప్పేయొచ్చు. మా మేనేజరు నన్ను పిలిచి, అందరూ ఈ కొత్త పద్ధతిలోనే రాసేలా మన లింటర్‌కి ఒక రూలు రాయగలవా అని అడిగాడు. లింటర్ అంటే మేము రాసే కోడుని చదివి, ఇక్కడ ఇలా కాదు అలా రాయి అని గీత గీసి చూపించే ప్రోగ్రాం. కాపీ పుస్తకాలు దిద్దే మాస్టారనుకోండి.

రోగి కోరిందీ వైద్యుడు ఇచ్చిందీ ఒకటే అన్నట్టయింది నా పని. పొడుగు రాతని పట్టుకుని పొట్టిగా చేయించే అధికారం నాకే ఇస్తున్నారు! మూడు వారాలు ఇంకో ధ్యాస లేకుండా కూర్చున్నాను. ఒక ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న, దాని లోపల ఇంకోటి, మధ్యలో వేరే పనేమీ లేదు అంటే అది మెట్ల కోడు. అక్కడ గీత గియ్యాలి. పక్కనే పొట్టి రూపం చూపించాలి. సరే అని బటన్ నొక్కితే తనే మార్చెయ్యాలి. మొదటిసారి నడిపి చూస్తే, ఆ రూలు రాసిన నా ఫైల్లోనే మూడుచోట్ల గీతలు గీసింది. అంత సంతోషం నాకు ఢిల్లీ వచ్చాక కలగలేదు. ఎవరూ పక్కన లేకపోయినా పైకే నవ్వాను.

అదే పనిగా పరీక్షలు కూడా పెట్టాను దానికి. పరీక్ష కోసం రాసిన ముక్కలన్నీ నేను రాసినవే, శుభ్రంగా, ఒక్క నోటు కూడా లేకుండా ఉన్నాయి. నేను నోట్సు రాసే మనిషిని కాను. కాబట్టి మెట్ల మధ్యలో ఎవరైనా మాటలు రాసుకుని ఉంటారని నాకు తట్టలేదు. నాలుగు మెట్లు కలిపి ఒకటి చేసేటప్పుడు ఆ మధ్య మాటలు ఏమవుతాయో నేను చూడలేదు.

మా ఆఫీసులో ఏ మార్పయినా ప్రోగ్రాం లోపలికి పోవాలంటే ఇద్దరు చదివి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంది. మొదటి టిక్కు తోటివాళ్లెవరిదైనా సరిపోతుంది, రెండోది మాత్రం సీనియర్‌ది కావాలి. ఎవరు నలభై ప్రశ్నలు అడుగుతారో, ఎవరు అడక్కుండా టిక్కు పెడతారో మా అందరికీ కంఠతా వచ్చు. చేబదులుకి ఎవరి దగ్గరికి పోవాలో తెలిసినట్టే. గురుగ్రామ్ ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నాడు, ఆయనకి పంపితే కామా ఎందుకు పెట్టావని కూడా అడుగుతాడు. ఇంకో సీనియర్ అక్క. నేను అక్క పేరు పెట్టాను. ఎందుకంటే అక్క నన్ను ఎప్పుడూ కాదనలేదు.

మొదటి టిక్కు అరగంటలో వచ్చింది. అక్క పేరు పక్కన మూడు రోజులు పసుపు చుక్కే ఉంది. రిలీజు దగ్గర పడుతోంది. రెండుసార్లు గుర్తు చేశాను. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత పచ్చ టిక్కు పడింది, కింద 'బాగుంది' అన్న ఒక్క మాటతో. నేను కిందికి పరిగెత్తి గేటు దగ్గర చాయ్ బండి భయ్యాతో రెండు స్పెషల్ చాయ్‌లు కట్టించుకొచ్చి, ఒకటి అక్క బల్ల మీద పెట్టాను. అక్క నన్ను చూసి, "సంతోషమేనా?" అంది. "ఫుల్ ఖుష్ అక్కా," అన్నాను.

అక్క మెట్లు అప్పుడు నాకు గుర్తు రాలేదా అని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. వచ్చాయి. ఎందుకు రావు? రోజూ చూసేవాణ్ని. కానీ ఆవిడే చదివి ఒప్పుకుంది కదా, కష్టమైతే చెప్పేది కదా అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉంది. అందుకని అంతకంటే ముందుకి ఆలోచించలేదు.

రూలుని మొదట సలహాగానే పెట్టాలనుకున్నాం. సలహా అయితే సన్నటి పచ్చ గీత, వినకపోయినా పని ఆగదు. మేనేజరు, "అచ్ఛా బనా హై, సలహా ఎందుకు, తప్పనిసరి చెయ్యి," అన్నాడు. తప్పనిసరి అంటే ఎర్ర గీత. అది ఉన్నంతవరకు రాసింది లోపలికి పోదు. ఒక శుక్రవారం, అక్క ఫిజియోథెరపీకని సెలవు పెట్టిన రోజు, మేనేజరే చెప్పాడని టిక్కుల కోసం ఆగకుండా ఆ మార్పు చేసి, పాత కోడంతటి మీదా ఒక్కసారి రూలు నడిపాను. వందల చోట్ల మెట్లు కూలి వరసలయ్యాయి. సగానికి సగం అక్క ఫైళ్లలోనే. అవి ఎంత పొట్టిగా అయ్యాయో తెర మీద చూపిస్తే అందరూ బల్లలు చరిచారు. నన్ను ఈ ఊళ్లో ఎవరైనా బల్ల చరిచి మెచ్చుకోవడం అదే మొదలు.

సోమవారం అక్క వచ్చి, సంచి పెట్టి, కళ్లజోడు తుడుచుకుని ఫైలు తెరిచింది. నేను పక్క వరసలోంచి చూస్తున్నాను. కాసేపు పైకీ కిందికీ జరిపింది. మూసేసి మళ్లీ తెరిచింది. లేచి వాష్‌రూమ్‌కి వెళ్లి వచ్చింది, మొహం కడుక్కున్నట్టుంది, చెంపల మీద వెంట్రుకలు తడిగా ఉన్నాయి. మళ్లీ తెరిచింది. తర్వాత నన్ను పిలిచింది.

"ఇది నా ఫైలేనా?"

"మీదే అక్కా. కొత్త రూలు కదా, మొత్తం పొట్టిగ అయింది."

"నా మాటలేవిరా?"

అప్పుడు చూశాను. నోట్సు లేవు. ఒక్కటీ లేదు. నా రూలు మెట్లు కలుపుతూ మధ్యలో ఉన్న మాటలన్నీ ఊడ్చిపారేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే. తప్పు నాదేనని తెలిసింది. కానీ నోటికి వచ్చింది మాత్రం వేరు. "పాత కాపీలో ఉంటయి అక్కా, ఎటు పోవు. తీసిస్త," అన్నాను. తీసి ప్రింటు కూడా ఇచ్చాను. కానీ ఆ కాగితం మీద మెట్లున్నాయి, తెర మీద లేవు. ఏ మాట ఏ వరసకి చెందుతుందో వెతుక్కోవాలంటే ఒకేసారి రెండింటినీ పట్టుకోవాలి. ఆవిడకి చేతకానిది సరిగ్గా అదే.

రెండు రోజులు చూసి, అక్క తన మెట్లని తనే మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక ఫైలు పూర్తిచేసి పంపబోతే కిందంతా ఎర్ర గీతలు. లోపలికి పోలేదు. ఇంకోసారి చేసింది. మళ్లీ అంతే. నా దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని గొంతు తగ్గించి, "నా ఒక్క ఫైలుని వదిలెయ్యమని చెప్పరా దానికి. కుదరదా?" అంది.

కుదురుతుంది. ఫైలు మొదట్లో ఒక్క లైను రాస్తే లింటర్ ఆ ఫైలు జోలికి పోదు. కానీ ఆ లైను పక్కన కారణం రాయాలన్నది మా ఆఫీసు పద్ధతి. "కారణం ఏమని రాయాలె అక్కా?" అన్నాను. ఉన్న కారణం రాయలేం. రాస్తే ఆవిడ దాచుకున్నది బయటపడుతుంది. పాత కోడు, ముట్టుకోవద్దు అని రాసేసి ఉండొచ్చు. రోజుకి పదిమంది అలాంటి అబద్ధాలు రాస్తారు, ఎవడూ అడగడు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. నా రూలు వచ్చి వారం కాలేదు, మొదటి మినహాయింపు నా చేత్తో నేనే రాస్తే రూలు బాగాలేదని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందనిపించింది. "కొన్ని రోజులు ఆగుండ్రి అక్కా, ఏదన్న చేద్దాం," అన్నాను.

"అవున్లే, ఆగుదాం," అని కుర్చీ మళ్లీ దాని చోట పెట్టి వెళ్లింది.

ఆ కొన్ని రోజుల్లోనే మీటింగ్ వచ్చింది. ఒక ఆసుపత్రి వాళ్లు, ఖాళీగా వచ్చిన రిపోర్టుల్ని మీ ప్రోగ్రాం ఏం చేస్తుంది అని అడిగారట. మేనేజరు అక్క ఫైలుని గోడ మీది పెద్ద తెరకి ఎక్కించి, చెప్పమన్నాడు. అక్క లేచి నిలబడింది. ఆ ఫైలు ఆవిడ రాసింది, పదకొండేళ్లు ఆవిడ చేతిలో పెరిగింది. మొదటి వరస చదివింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. మేనేజరు మంచివాడే, "టేక్ యువర్ టైమ్," అన్నాడు. దాంతో ఇంకా కష్టమయింది. మూడోసారి మొదటి వరస దగ్గరే అక్క గొంతు ఆగిపోయింది. ఇక చూడలేక నేను లేచి జవాబు చెప్పేశాను, ఇంగ్లీషులో, గడగడా, ఒక్క నిమిషంలో. అందరూ తలలూపారు. అక్క కూర్చుంది. ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. అంత మర్యాదగా చూడకుండా ఉన్నారంటే అందరికీ అర్థమైపోయిందనే.

ఆ రోజు సాయంత్రం మెట్రోలో అక్క ఆడవాళ్ల పెట్టె ఎక్కింది. మర్నాడూ అంతే. పది రోజుల్లో రాజీనామా ఇచ్చింది. మళ్లీ కేకు కోయించారు, మళ్లీ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆవిడ వెళ్లిన తర్వాతి వారం, మెట్ల మధ్య మాటలుంటే వాటిని పోనివ్వకుండా నా రూలుని సరిచేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. దానికి పట్టింది ఒక పూట. ఆ పూట పని నేను ముందే చేసి ఉంటే, ఎర్ర గీతని ఇంకో ఆరు నెలలు పచ్చ గీతగానే ఉంచి ఉంటే, ఒక్క అబద్ధపు లైను రాసి ఉంటే అని లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ని. మునిర్కా నుంచి ఆర్కే పురం ఒక్క స్టేషన్. నడిచి కూడా పోవచ్చు. పోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

డిసెంబరులో ఒక ఆదివారం వెళ్లాను. అక్క క్వార్టర్ ముందు ఎండలో కుర్చీ వేసుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని పచ్చి బఠాణీలు వలుస్తోంది. కొంచెం లావయింది. నన్ను చూసి నవ్వింది, కానీ నా మీద నిలవడానికి ఆ చూపుకి కొంచెం సేపు పట్టింది. "రారా, ఎన్నాళ్లయింది," అంది. ధౌలా కువాన్ కాలేజీలో చదివే కూతురు టీ తెచ్చిపెట్టి, "మమ్మీ, ఔర్ మత్ కరో, థక్ జావోగీ," అని, అలసిపోతుందని పళ్లెం తీసుకోబోతే అక్క ఇవ్వలేదు. ఆ పిల్ల నన్ను పక్కకి పిలిచి, అమ్మ ఈ మధ్య టీవీ ముందే కూర్చుంటోందని, ఏ సీరియలో అడిగితే చెప్పలేకపోతోందని, హిందీలో మెల్లగా చెప్పి లోపలికి వెళ్లింది.

చాలాసేపు ఆఫీసు కబుర్లు చెప్పాను. ఎవరికి పెళ్లయింది, ఎవరు మానేశారు, చాయ్ బండి ఎక్కడికి మారింది. అక్క వింటూనే ఉంది, మధ్యలో ఒకసారి అడిగిందే మళ్లీ అడిగింది. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, ఒక మాట. ఆ రూలుకి మీరెందుకు ఓకే చేసిండ్రు? అది వస్తే మీకు కష్టమైతదని తెల్వదా?"

అక్క చేతిలో ఉన్న కాయ వలిచి, గింజలు పళ్లెంలో వేసింది.

"చదివానురా. మూడు రోజులు చదివాను. ప్రింటు తీసి ఇంటికి తెచ్చుకుని మరీ చదివాను. మొదటి పేజీ తెలిసేది. రెండో పేజీకి వచ్చేసరికి మొదటిది పోయేది. అది ఏం చేస్తుందో నాకు చివరిదాకా అర్థం కాలేదు."

"మరి అర్థం కాలేదని రాయొచ్చు గద అక్కా."

"ఎక్కడ రాయను? అందరూ చూసే చోటా?"

అక్క ఇంకో కాయ తీసుకుంది.

"ఆ మూడు రోజులూ పొద్దున్నే నీ కోసం చూశాను. మెట్రోలో పక్కనే నిలబడేవాడివి కదా. నా సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే. అక్కా, అర్థమైందా అని అడుగుతావనుకున్నాను. అడిగితే కాలేదని చెప్దామనుకున్నాను," అంది. "నువ్వు రెండుసార్లూ, అయిందా అని అడిగావు."

ఆ గొంతులో కోపం లేదు. పళ్లెంలోంచి నేనూ ఒక కాయ తీసుకున్నాను.